మిల్లు నీళ్ళలో మిగిలిపోయే నూనె

మనలో చాలామంది ఊళ్ళలో ఇప్పుడు పామాయిల్ తోటలున్నాయి. గెలలు కోసి ట్రాక్టర్ల మీద అశ్వారావుపేట, అప్పారావుపేట మిల్లులకు తోలుతారు. నూనె తీశాక మిగిలే నీళ్ళు ఏమౌతాయో మనం అడగం. ఈసారి దాని గురించి రాస్తున్నాను.

మిల్లులో ముందు గెలలను ఆవిరితో ఉడికిస్తారు. కాయలు రాల్చి, నలిపి, ప్రెస్సులో పిండుతారు. ఆ రసంలో వేడినీళ్ళు కలిపి పెద్ద తొట్టిలో తేరుస్తారు. నూనె పైకి, మడ్డి అడుక్కి. ఈ మడ్డినీళ్ళు, ఆవిరి నీళ్ళు కలిపి టన్ను గెలలకు సుమారు 650 లీటర్లు. అందులో నూనె 0.6 శాతం దాకా ఉంటుంది. ఇంతేనా అనుకోకండి, లెక్కెయ్యండి. టన్నుకి దాదాపు 4 కిలోలు. గంటకి 30 టన్నులు ఆడే మిల్లులో గంటకి దగ్గర దగ్గర 120 కిలోలు!

మరి నూనె నీటికన్నా తేలిక కదా, అంతా ఎందుకు తేలదు? బొట్టు సైజులో ఉంది కిటుకు. బొట్టు అడ్డుకొలత పదో వంతైతే, పైకి లేచే వేగం నూరో వంతవుతుంది. దీన్ని స్టోక్స్ సూత్రం అంటారు. మన ప్లేట్లు కడిగే తొట్టి దగ్గర నేను రెండు సీసాల్లో చూశాను. ఉత్త నీళ్ళలో జిడ్డు వెంటనే తెట్టు కట్టింది. సబ్బు కలిపి ఊపిన సీసా మాత్రం పాలలా తెల్లగా ఉండిపోయింది. మిల్లులో సబ్బు ఉండదు గానీ, కాయల జిగురు, సన్నటి పీచు ఆ పనే చేస్తాయి. పంపులు గిలకొట్టినకొద్దీ బొట్లు ఇంకా చిన్నవవుతాయి.

కనుక నీళ్ళు వేడిగా ఉన్నప్పుడే నూనె పట్టాలి. వేడికి నీరు పల్చబడి బొట్టు తొందరగా లేస్తుంది. చల్లారితే పామాయిల్ గడ్డకడుతుంది, చలికాలం పొద్దున మన వంటగదిలో చూస్తూనే ఉన్నాం. మడ్డిని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజు యంత్రంలో పోస్తే బరువైనది అంచుకి, నూనె మధ్యకి చేరతాయి. అప్పటికీ మిగిలింది గుంటల్లో నిలవబెట్టి పైతెట్టు తీస్తారు. మందులు కలిపి తీసే పద్ధతులూ ఉన్నాయి, కానీ నాకైతే ముందు వేడి, నిదానం సరిగ్గా వాడుకోవడమే మేలనిపిస్తుంది.

ఇది డబ్బు లెక్క ఒక్కటే కాదు. మన దేశంలో వాగులోకి వదిలే నీటిలో లీటరుకి 10 మిల్లీగ్రాములకు మించి నూనె, జిడ్డు ఉండకూడదని నిబంధన. శుద్ధి చేయని మిల్లు నీటిలో వేల మిల్లీగ్రాములుంటుంది. ఆ తెట్టు నీటిమీద పరుచుకుంటే గాలి లోపలికి దిగదు. మడ్డిని తినే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తాయి. చేపలు తేలిపోతాయి. అందుకే నూనె తీశాక కూడా ఆ నీటిని చెరువుల్లాంటి గుంటల్లో చాలా రోజులు కుళ్ళబెడతారు. మూత వేస్తే గోబర్ గ్యాస్ లాంటి గ్యాసూ వస్తుంది.

ఇలా గుంటల్లో పట్టిన నూనె నల్లగా, పులిసిన వాసనతో ఉంటుంది. అందులో కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. కూరలోకి పనికిరాదు, మంచినూనెలో కలపనూకూడదు. సబ్బుల తయారీకి, బయోడీజిల్‌కి పోతుంది.