‘నా దగ్గర ఉంది’ అనే మాట



తపాలా బిళ్ళలు, పాత నాణేలు సేకరించేవారిని మీరు చూసే ఉంటారు. అమెరికా, ఇంగ్లండు దేశాలలో పాత టెలివిజన్ గేమ్ షోల టేపులను సేకరించేవారు కూడా ఉన్నారు. వినడానికి ఇది చిన్న సరదాగానే తోస్తుంది. కాని ఈ సరదాలో పుట్టే అబద్ధాలను పరిశీలిస్తే, సత్యం గురించి మనమందరం నేర్చుకోవలసిన పాఠం ఒకటి కనిపిస్తుంది.

1. టేపులు ఎందుకు అరుదయ్యాయి?

1950, 60 దశకాలలో వీడియో టేపు చాలా ఖరీదైన వస్తువు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని మళ్ళీ ఎవరు చూస్తారులే అనుకొని, టెలివిజన్ సంస్థలు దానిని చెరిపివేసి అదే టేపు మీద మరొకటి రికార్డు చేసుకునేవి. ‘జెపర్డీ’ అనే ప్రసిద్ధ క్విజ్ 1964 నుండి 1975 వరకు అమెరికాలో 2,700కు పైగా భాగాలుగా ప్రసారమైంది. వాటిలో నేడు మిగిలినవి బహు కొద్ది. ఏది అరుదో దానికి విలువ పెరుగుతుంది. విలువతోపాటు అబద్ధానికి అవకాశమూ పెరుగుతుంది.

2. అబద్ధం ఏయే రూపాలలో వస్తుంది?

మొదటిది, లేనిది ఉన్నదని చెప్పడం. “ఆ భాగం నా దగ్గర ఉంది, కాని ఎవరికీ చూపనని మాట ఇచ్చాను” అంటారు. రెండవది, పేరు మార్చడం. తరువాతి కాలపు టేపుకు పాత తేదీ చీటీ అంటిస్తారు. మూడవది, నకలుకు నకలు తీసిన క్యాసెట్టును అసలు టేపు నుండి నేరుగా తీసినదని నమ్మించడం. నాలుగవది, ఎదుటివారి టేపును ముందుగా తెప్పించుకొని, బదులుగా పంపుతామన్నది పంపకపోవడం.

చివరి మూడింటిలో లాభాపేక్ష స్పష్టంగా ఉంది. మొదటిదానిలో చాలాసార్లు డబ్బు ఉండదు, గొప్ప ఒక్కటే ఉంటుంది. పునీత తోమాసు అక్వీనాసు గొప్పలు చెప్పుకోవడాన్ని సత్యానికి విరుద్ధమైన దోషాలలో చేర్చి ప్రత్యేకంగా చర్చించాడు. డబ్బు చేతులు మారలేదు గనుక అది అబద్ధం కాకుండా పోదు.

3. ఒక సంఘటన

గేమ్ షో కాకపోయినా, ఇదే రకపు వేటలో జరిగిన ఒక మోసం అందరికీ తెలిసినదే. బి.బి.సి. ప్రసారం చేసిన ‘డాక్టర్ హూ’ అనే ధారావాహికలో 1966 నాటి ‘ది టెన్త్ ప్లానెట్’ కథ చివరి భాగం పోయింది. 1992లో ఒక వ్యక్తి మారుపేరుతో ముందుకు వచ్చి, ఆ భాగం తన దగ్గర ఉందనీ, అమ్ముతాననీ చెప్పాడు. బి.బి.సి. వీడియో విభాగంవారు ఆ మాట నమ్మి, క్యాసెట్టు విడుదల కోసం ఒక నటునితో పరిచయ వాక్యాలు కూడా చిత్రీకరించారు. చివరికి టేపూ లేదు, ఆ పేరుగల మనిషీ లేడు. అనుభవజ్ఞులు ఎందుకు మోసపోయారు? అది దొరకాలని ఎంతో కోరుకున్నారు గనుక. మన కోరికే మోసగాని పనిని సగం పూర్తిచేస్తుంది.

4. నష్టం ఎవరికి?

“పాత ఆటల టేపు గురించి అబద్ధమాడితే ఎవరికి నష్టం?” అని అడగవచ్చు. ‘ట్వెంటీ వన్’ అనే అమెరికా క్విజ్‌ను చూడండి. 1956లో దాని నిర్వాహకులు కొందరికి జవాబులు ముందే చెప్పి, మరొకరిని కావాలని ఓడిపొమ్మన్నారు. దేశమంతా ఆ ఆట నిజమని నమ్మింది. గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ 1959 నవంబరు 2న అమెరికా కాంగ్రెసు ఉపసంఘం ఎదుట నిజం ఒప్పుకున్నాడు. 1960లో ఇటువంటి మోసాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. టెలివిజన్ తెరను ఫిల్ము మీదకు ఎక్కించిన ప్రతులు కొన్ని మిగిలాయి గనుక ఆ నటనను నేటికీ చూడగలుగుతున్నాము. అంటే పాత రికార్డు కేవలం వినోదం కాదు, అది సాక్ష్యం కూడా.

సాక్ష్యం విషయంలో అబద్ధమాడితే రెండు నష్టాలు కలుగుతాయి. “ఫలానావారి దగ్గర ఉందట” అని విన్నవారు వెదకడం మానేస్తారు, ఈలోగా అసలు టేపు ఎక్కడో అటక మీద పాడైపోతుంది. ఇక రెండవది, పదిసార్లు మోసపోయినవారు పదకొండవసారి నిజం చెప్పినవానిని కూడా నమ్మరు.

5. పొరపాటు వేరు, అబద్ధం వేరు

పునీత అగస్టీను బోధ ప్రకారం మనసులో ఒకటి ఉంచుకొని, మోసగించే ఉద్దేశంతో మరొకటి పలకడం అబద్ధం. చీటీ మీది తేదీని నమ్మి తప్పు చెప్పినవాడు పొరబడ్డాడు, అబద్ధమాడలేదు. కాబట్టి తొందరపడి ఎవరినీ మోసగాడని పిలువరాదు, అది కూడా ఎదుటివాని పేరుకు చేసే అన్యాయమే. ఆధారం అడగడం మాత్రం అవమానం కాదు. టేపులో ఒక్క నిమిషం చూపమనవచ్చు. ప్రసార తేదీని ఆనాటి వార్తాపత్రికలోని కార్యక్రమాల పట్టికతో సరిచూడవచ్చు. నిజంగా ఉన్నవానికి ఈ పరీక్ష భారం కాదు.

మన ఇళ్ళలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. “చూశాను”, “విన్నాను”, “అనుకుంటున్నాను” అనేవి మూడు వేర్వేరు మాటలు. ఈ మూడింటినీ కలపకుండా మాట్లాడడం పిల్లలకు నేర్పితే, ఎనిమిదవ ఆజ్ఞను సగం నేర్పినట్లే.

కుటుంబంలో చర్చించుకోవడానికి:

అ) డబ్బు ఆశించకుండా చెప్పిన గొప్పల వల్ల ఎవరికైనా నష్టం కలగడం మీరు చూశారా?

ఆ) ఈ వారం మీరు ఇతరులకు చెప్పిన ఒక వార్తను తీసుకోండి. అది చూసినదా, విన్నదా, అనుకున్నదా?

ఇ) ఆధారం అడిగినప్పుడు మనకు కోపం ఎందుకు వస్తుంది?