కమ్యూనిటీ కాలేజీ పేరు గొంతు తగ్గించి చెప్పకండి

కొత్తగా కాలిఫోర్నియా వచ్చే మనవాళ్లకు చాలా విషయాల్లో ఒక్క మాట చాలు. పచ్చళ్లు తప్ప వంటసామాను మోసుకురాకండి, కందిపప్పు నుంచి గోంగూర దాకా ఇక్కడే దొరుకుతాయి. డ్రైవింగ్ రాతపరీక్షకు డీఎంవీ వాళ్ల పుస్తకం శ్రద్ధగా చదివితే సరిపోతుంది. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు పని అనుమతి లేనిదే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు, దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగొద్దు.

ఇక పిల్లల చదువు. ఇది మాత్రం ఒక్క మాటలో తేలదు.

మొన్న ఫ్రీమాంట్‌లో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. విజయవాడ నుంచి వచ్చి ఏడాదైనా కాని ఒకావిడను, "బాబు ఏం చదువుతున్నాడమ్మా?" అని అడిగాను. "ఇక్కడే, దగ్గర్లోనే వదినగారూ" అని ప్రసాదం గిన్నెల వైపు తిరిగిపోయింది. కాసేపాగి వంటింట్లో పక్కకు పిలిచి చెప్పింది, కమ్యూనిటీ కాలేజీ అని. చెప్పాక, "ఎవరితో అనకండేం" అని చెయ్యి పట్టుకుంది. ఏం తప్పు చేశాడని ఆ పిల్లాడు? దొంగతనం చేశాడా?

నాకంత కోపం ఎందుకొచ్చిందంటే, మా ఇంట్లోనూ ఇదే భాగోతం నడిచింది. మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో చేరితే, ఎవరడిగినా "ఇంజనీరింగే చేస్తోంది" అని దాటేసేవాళ్లం. ఊళ్లో మా అత్తగారికీ అదే చెప్పాం. దాచినందుకు ఏం జరిగిందో వినండి. అక్కడ ఫిజిక్సు రెండు రకాలుంటుంది, కాల్క్యులస్‌తో ఒకటి, కాల్క్యులస్ లేకుండా ఇంకొకటి. యూనివర్సిటీ ఇంజనీరింగ్‌కు మొదటిదే కావాలి. మా పిల్ల రెండోది తీసుకుంది. మంచి గ్రేడ్లే వచ్చాయి, కానీ మేజరుకు లెక్కలోకి రాలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ ఏడాది వెనక్కి పోయింది. ఆ రాత్రి పిల్ల కోర్సుల కాగితం ముందేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే, మా పక్క వీధిలో ఉండే తెలుగువాళ్ల అబ్బాయి అదే కాలేజీలో చదివి బర్క్‌లీకి వెళ్లాడు. ఏ కోర్సు తీసుకోవాలో, ఏది వద్దో అన్నీ తెలిసినవాడు. వాళ్లూ దాచారు, మేమూ దాచాం. ప్రతి శనివారం గుళ్లో పక్కపక్కనే కూర్చున్నాం!

అందుకే మళ్లీ చెబుతున్నా, దాచకండి. దాస్తే అడగలేరు. అడగకపోతే యూనిట్లు పోతాయి, ఏళ్లు పోతాయి.

ఈ జబ్బు మన దగ్గర నుంచి తెచ్చుకున్నదే. ఎంసెట్ ర్యాంకు ఎంతని ముత్తయిదువలు కూడా అడిగే చోట పెరిగాం. పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరిన పిల్లల్ని "డిప్లొమా బ్యాచ్" అని పక్కన పెట్టడం చూశాం. అయినా మన ఊళ్లు మొదటి నుంచీ ఇలా లేవు. తెనాలిలో మా చిన్నాన్న పగలంతా బియ్యం కొట్లో పద్దులు రాసి, సాయంత్రం కాలేజీకి వెళ్లి బీకాం పూర్తిచేశాడు. రాత్రి ఆయన సైకిలు దిగితే మా నాయనమ్మ అరుగు మీదే అన్నం పళ్లెం పట్టుకుని ఉండేది. ఆయన పాసైన రోజు కొట్టు యజమానే వీధంతా మిఠాయి పంచాడు. కష్టపడి చదివేవాణ్ణి నెత్తిన పెట్టుకున్న ఆ మనుషులు ఇప్పుడు గుర్తొస్తే దిగులేస్తుంది. ఇక్కడ వారాంతపు విందుల్లో పిల్లల్ని కాలేజీ పేరుతో తూచేది వాళ్ల మనవలూ మనవరాళ్లూనా?

ఈ రాష్ట్రంలో కమ్యూనిటీ కాలేజీ ఓడిపోయినవాళ్ల కోసం పెట్టింది కాదు. 1960 నాటి మాస్టర్ ప్లాన్‌లోనే రెండేళ్లు ఇక్కడ, మిగతా రెండేళ్లు యూనివర్సిటీలో అనే దారి వేశారు. ఫ్రెష్‌మెన్ ఇద్దరికి ట్రాన్స్‌ఫర్ విద్యార్థి ఒకరు చొప్పున ఉండాలన్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) పెట్టుకున్న లెక్క. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ కుపర్టినోలోని డి ఆంజాలో చదివాకే బర్క్‌లీకి వెళ్లాడు. చివర్లో వచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. ఇక ఖర్చు చూడండి. రాష్ట్ర నివాసులకు సెమిస్టరు యూనిట్ 46 డాలర్లు, 60 యూనిట్లకు 2,760. యూసీలో ఒక్క ఏడాది ఫీజే 14 వేలు దాటుతుంది. అప్పు చేసి పేరున్న చోట మొదటి రెండేళ్లు చదివించి, ఆ అప్పు తీర్చలేక ఇల్లు కొనడం మానుకున్నవాళ్లు నాకు తెలుసు. నర్సింగ్‌కూ ఈ దారి తక్కువేం కాదు, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల డిగ్రీ చేసినా, నాలుగేళ్ల డిగ్రీ చేసినా రాసే లైసెన్సు పరీక్ష ఒకటే.

నివాసి ఫీజు రావాలంటే రాష్ట్రంలో ఏడాది మీద ఒక రోజు ఉన్నట్టు చూపాలి. దిగిన రోజు నుంచే అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, లైసెన్సు ఒక ఫైలులో పెట్టండి. హెచ్-4 మీద ఉన్న తల్లులూ, మీరూ విడిగా స్టూడెంట్ వీసా లేకుండా చదువుకోవచ్చు. ఇంట్లో కూర్చుని కుమిలిపోవద్దు, ఇంగ్లీషు క్లాసుతోనైనా మొదలుపెట్టండి.

పిల్లలు మొదటి కోర్సు ఎంచుకునే ముందే అసిస్ట్ వెబ్‌సైటులో వాళ్ల కాలేజీ, వెళ్లాలనుకునే యూనివర్సిటీ, మేజరు పెట్టి చూడండి. ఏ కోర్సుకు ఏది సరిపోతుందో అక్కడ పక్కపక్కనే ఉంటుంది. ఆ కాగితం అచ్చు తీసుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, ప్రతి టర్మూ వెళ్లండి. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీలు అర్హతలున్న ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ముందే సీటు హామీ ఇస్తాయి, కొన్ని మేజర్లు తప్ప. ఆ హామీకి దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి, 30 దాటితే ఆ ఏడాదికి తలుపు మూసినట్టే. వ్రతంలో కలిసిన ఆవిడకు మా అమ్మాయి ఫోన్ నంబరిచ్చాను. ఫిజిక్సు సంగతి ముందు అడగమన్నాను.