కుజుని వక్రగతి, సూర్యుని ఆకర్షణ

నవగ్రహ మండపానికి ప్రదక్షిణం చేసే భక్తులు సూర్యభగవానుడు మధ్యస్థానంలో కొలువై ఉండటాన్ని, తక్కిన ఎనిమిది మంది ఆయన చుట్టూ నిలిచి ఉండటాన్ని గమనించే ఉంటారు. ఆ ఎనిమిది మందిలో ఖగోళశాస్త్రం గ్రహాలుగా పరిగణించేది బుధ, శుక్ర, కుజ, గురు, శనులను మాత్రమే. చంద్రుడు భూమికి ఉపగ్రహం. రాహుకేతువులు ఆకాశంలో చంద్రమార్గం, సూర్యమార్గం కలుసుకొనే రెండు బిందువులు. గ్రహణాలు ఆ బిందువుల సమీపంలోనే సంభవిస్తాయి.

పంచాంగంలో కుజుడు వక్రించాడని చదివి కలత చెందేవారు అనేకులు. అప్పుడు ఆకాశంలో జరిగేదేమిటి? నక్షత్రాల నడుమ తూర్పుదిశగా సాగే కుజుడు దాదాపు 26 నెలలకొకసారి నిలిచి, రెండు నెలలకు పైగా పడమరకు జరిగి, తిరిగి ముందుకు సాగుతాడు. వాస్తవానికి కుజుడు వెనుదిరగడు. సూర్యుని చుట్టిరావడానికి భూమికి 365 రోజులు, కుజునికి 687 రోజులు పడుతుంది. లోపలి మార్గంలో వేగంగా పోయే భూమి కుజుని దాటిపోయే వేళ, వేగంగా పోయే రైలులోని వారికి పక్క పట్టాల మీది నెమ్మది బండి వెనక్కు పోతున్నట్లే, మనకు కుజుడు వెనక్కు నడుస్తున్నట్లు తోస్తుంది. అంతకుమించి అక్కడ మరేమీ లేదు.

ఇది ఒక్కనాటిలో తేలిన విషయం కాదు. మన సిద్ధాంత గ్రంథాలు భూమినే కేంద్రంగా భావించినా, కుజ, గురు, శనుల స్థానాలు కట్టేటప్పుడు చేసే శీఘ్రసంస్కారానికి మధ్యమ రవినే ఆధారం చేసుకున్నాయి. సూర్యుడు లేనిదే ఆ లెక్క సాగదు! కేరళ దేశీయుడైన నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో ఐదు గ్రహాలూ సూర్యుని చుట్టూ తిరుగుతాయనీ, సూర్యుడు వాటితో సహా భూమిని చుట్టివస్తాడనీ ప్రతిపాదించాడు. భూమిని సైతం గ్రహాల వరుసలో చేర్చిన కోపర్నికస్ గ్రంథం 1543లో వెలువడింది.

అయినా మార్గాలన్నిటినీ వృత్తాల కూర్పుతోనే ఊహించేవారు. దూరదర్శిని లేని రోజుల్లో టైకో బ్రాహీ చేసిన వేధలను ఆధారంగా గ్రహించి జర్మనీ పండితుడు కెప్లర్ కుజుని మార్గాన్ని గణించాడు. గణితానికీ వేధకూ 8 కళల భేదం వచ్చింది. అది పూర్ణచంద్రబింబపు వెడల్పులో సుమారు నాలుగో వంతు. మరొకరైతే ఉపేక్షించేవారే. కెప్లర్ మాత్రం తన ఏళ్ల శ్రమను పక్కనపెట్టి, మళ్లీ మొదటినుంచి గణించి, కుజమార్గం దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించాడు.

ఎందుకు తిరుగుతున్నాయన్న ప్రశ్నకు సమాధానం 1687లో న్యూటన్ ఇచ్చాడు. సౌరకుటుంబపు ద్రవ్యంలో 99 శాతానికి మించి సూర్యునిలోనే ఉన్నది. ఆ సూర్యుడు గ్రహాలను నిరంతరం తనవైపు లాగుతూనే ఉంటాడు. భూమి ఒక్క సెకనులో 30 కిలోమీటర్లు ముందుకు సాగుతూ, 3 మిల్లీమీటర్లు సూర్యునివైపు పడుతుంది. ఆ పడటం వల్లనే దాని దారి వంగుతుంది. ముందుకు సాగే వేగం ఉన్నందువల్లనే అది సూర్యునిలో పడిపోదు. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ క్షీణిస్తుంది, గమనమూ మందగిస్తుంది. బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరుగిడితే, శని 10 కిలోమీటర్లకు లోపే నడుస్తూ ఒక్క ప్రదక్షిణానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు తీసుకొంటాడు. మెల్లగా సంచరించేవాడు గనుకనే పూర్వులు ఆయనను శనైశ్చరుడన్నారు.