పాము గుడ్లు పెట్టలేకపోతుంటే దాచుకోకు చెల్లీ

రా చెల్లీ, ఇలా కూర్చో. చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం. నీ బాల్ పైథాన్ నెల రోజులుగా తిండి ముట్టడం లేదని, ఒళ్లు లావెక్కిందని దిగులుపడుతున్నావు కదూ? ఆ దిగులు వెనక ఇంకోటి ఉంది, నాకు తెలుసు. ఎవరికి చెప్పుకోవాలి? పక్క ఫ్లాటు వాళ్లకి తెలిస్తే గొడవ. నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే అత్తమ్మ కూడా లోపలి గదిలో పాముందంటే ఆగమాగమవుతుంది. ఆవిడ భయం ఆవిడది, తప్పుపట్టలేం. కానీ ఆ భయాలకి జడిసి మనం నోరు మూసుకుంటే, చివరికి డాక్టర్‌కి ఫోన్ చెయ్యడానికీ జంకుతాం. గుడ్లు ఇరుక్కున్న పాముకి ఆ ఆలస్యమే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ముందు ఆ జంకు వదిలించుకుందాం. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు, ఆఫ్రికాది. అంతర్జాతీయంగా దాని వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం నిఘా ఉంది కాబట్టి, మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. గుడ్లు పొదిగి పిల్లలు పుడితే అదీ తెలియజేయాలి. కాగితాలు సరిగ్గా ఉంటే ఏ డాక్టర్ ముందైనా తలెత్తుకుని కూర్చోవచ్చు. మన నేల మీది పాముల సంగతి వేరు. జెర్రిపోతైనా, కొండచిలువైనా, రెండు తలల పామని బేరాలాడే పూడుపామైనా ఇంట్లో పెట్టుకోకూడదు, నేరం. పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో షెడ్డు వెనకో, పెరట్లోనో కనిపిస్తే అటవీశాఖకో, పాముల్ని కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో కబురు పెట్టడమే మన పని.

ఇక నీ పాము దగ్గరికి వద్దాం. మగపాము పక్కన లేకపోయినా ఆడపాము గుడ్లు పెట్టవచ్చు. కాబట్టి 'మాది ఒంటరిది, దానికి గుడ్లేంటి' అని ధీమాగా ఉండకు. గుడ్లతో ఉన్నప్పుడు తిండి మానెయ్యడం మామూలే. ఒక్కోసారి ఒంటి కింది సగాన్ని తిప్పి, పొట్ట పైకి పెట్టి పడుకుంటుంది. చూస్తే గుండె జారిపోతుంది కానీ అదీ మామూలే. గుడ్లు పెట్టే ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద పెన్నుతో గుండ్రంగా చుట్టిపెట్టు. బాల్ పైథాన్ అయితే అక్కణ్ణుంచి సుమారు నెల రోజులకి, కార్న్ స్నేక్ అయితే ఒకటి రెండు వారాలకి గుడ్లు పెడుతుంది. కొంచెం అటూ ఇటూ అయితే పరేషాన్ కావద్దు. బాల్ పైథాన్‌కి నెలన్నర దాటినా జాడ లేకపోతే మాత్రం చూపించాల్సిందే.

అసలు జాగ్రత్త గుడ్లు పెట్టడం మొదలయ్యాకే. కోడి రోజుకొకటి పెడుతుంది. పాము అలా కాదు, గుడ్లన్నీ ఒక్క విడతలోనే, చాలాసార్లు కొద్ది గంటల్లోనే పెట్టేస్తుంది. రెండు పెట్టి ఆగిపోయి, తోక వైపు ఒంట్లో గుండ్రంగా ఇంకో ఉబ్బు మిగిలిందనుకో, లేదా ముక్కుతూనే ఉండి ఒక్కటీ బయటికి రాలేదనుకో, ఒక రోజు గడిచేసరికి డాక్టర్‌తో మాట్లాడి ఉండాలి. రెండు రోజులైతే ఆగడానికే లేదు. ఆలస్యమయ్యేకొద్దీ గుడ్డు లోపలి గోడకి అతుక్కుంటుంది, మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. రక్తం కనిపించినా, చెడు వాసన నీరు కారినా, తోక మొదట్లో ఎర్రటి కండ బయటికి పొడుచుకొచ్చినా, పాము వేలాడిపోయి నాలుక కూడా ఆడించకపోయినా గంటలు లెక్కపెట్టకు, వెంటనే బయల్దేరు. ఆ బయటికొచ్చిన కండ ఆరిపోకుండా తడి గుడ్డ కప్పి తీసుకెళ్లు.

ఒక్క మాట మాత్రం నాకు మాటివ్వాలి. వేళ్లతో నొక్కి గుడ్డు బయటికి తోసే పని చెయ్యనే చెయ్యకు. ఎవరో వీడియోలో చేశారని మనం చెయ్యకూడదు. లోపల సంచి చిరిగితే పాము దక్కదు. పాలు చేపడానికి బర్రెలకి వేస్తుంటారే ఆక్సిటోసిన్, అదీ ఎవరిచ్చినా వెయ్యొద్దు. దారి మూసుకుపోయిన చోట ఆ మందు వేస్తే గోడ పగిలిపోవచ్చు. పైగా పాముల్లో అది అన్నిసార్లూ పనిచెయ్యదు. డాక్టర్ ముందు ఎక్స్‌రేనో, స్కానింగో చేసి ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఆగాయి చూస్తారు. ఒళ్లెండిపోయి ఉంటే సెలైన్, అవసరమైతే కాల్షియం ఇస్తారు. సూదితో గుడ్డులోని సొన లాగేసి, అది ముడుచుకున్నాక బయటికి రప్పించే పద్ధతీ ఉంది. అప్పటికీ కుదరకపోతే ఆపరేషన్. ఆ మాట విని బెంబేలెత్తిపోకు. వేళకి తీసుకెళ్తే బతికి బట్టకట్టే పాములు చాలానే ఉన్నాయి.

మరి ఎవరికి చూపించాలి? కుక్కల్ని, పిల్లుల్ని చూసే ప్రతి క్లినిక్‌లోనూ పాముని చూడరు. అందుకే గుడ్ల కాలానికి ముందే, నింపాదిగా ఉన్నప్పుడే, మనకి దగ్గర్లోని క్లినిక్‌లకి ఫోన్ చేసి 'పాములకి చేస్తారా, ఆపరేషన్ దాకా వస్తే చేస్తారా, ఆదివారమైతే ఎవరుంటారు, ఎంతవుతుంది' అని అడిగెయ్యి. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ బోధనాసుపత్రినీ అడుగు. పటాన్‌చెరు నుంచైతే ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే హైవే మీది ట్రాఫిక్ తప్పుతుంది. పాముని శుభ్రమైన దిండు గలీబులో వేసి మూతి కట్టు, గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. చలి రోజైతే వేడినీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి డబ్బా పక్కన, ఒంటికి తగలకుండా ఉంచు. కుబుసం తేదీ, మొదటి గుడ్డు పెట్టిన వేళ, ఇప్పటికి ఎన్ని పెట్టిందీ ఒక చీటీ మీద రాసుకో. ఆ కంగారులో మనకి ఏదీ గుర్తుండదు.

అసలు ఈ కష్టం రాకుండా మన చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. గుడ్లు పెట్టే చోటు నచ్చకపోతే పాము బిగబట్టుకుని కూర్చుంటుంది. మూతకి రంధ్రం చేసిన ఒక డబ్బాలో తడిపి పిండిన కోకోపీట్ నింపి, దాన్ని చీకటి మూలన పెట్టు, మాటిమాటికీ మూత తీసి చూడకు. బాల్ పైథాన్‌కి అది ఉండే పెట్టెలో వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలు ఉండాలి. ఎండాకాలంలో మనకి ఉక్కపోస్తోందని పామున్న గదిలోనే ఏసీ పెట్టేస్తాం, అది దానికి చలి. శీతాకాలమైతే చెప్పనే అక్కర్లేదు, మన జిల్లా కోహీర్ పేరు రాష్ట్రంలో చలి వార్తల్లో ముందుంటుంది. కరెంటు పోతే హీట్ మ్యాట్ ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్‌కి కలిపి ఉంచు. తాగే నీళ్లు రోజూ మార్చు. ముద్దు చేసి అతిగా మేపి లావెక్కించినా, ఈడుకి రాకుండానే జత కట్టించినా గుడ్లు పెట్టేటప్పుడు అవస్థ పడేది అదే.

ఇంట్లో వాళ్లకీ ఇవాళే చెప్పెయ్యి. నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు పాముకి కష్టమొస్తే డబ్బా ఎత్తుకుని కారెక్కడానికి ఒక మనిషి కావాలి. ఆ చాయ్ తాగేసి ముందు క్లినిక్‌కి ఫోన్ చెయ్యి, ఆ నంబర్ డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించు. ఇక అవసరం పడితే మాత్రం తెల్లారేదాకా ఆగకు చెల్లీ.