స్వయముగ గేరు మార్చు బండి చెడినప్పుడు

అంబర్‌పేటలో మా పాత కారు ఎత్తు నెక్కునపుడు ఇంజను మ్రోగుచున్నను ముందునకు సాగదయ్యెను. గేరుపెట్టెనే మార్చవలెనని యొక మెకానిక్కు చెప్పెను. విత్తనములకై దాచిన పైకమంతయు నిచ్చినను అది చాలదు. కావున తక్కువ వ్యయముగల పరీక్షలనే ముందు చేయించితిమి.

మొదట బండి రకమును తెలిసికొనుడు. మన దేశమున 2014లో సెలెరియోతో వచ్చిన ఏ.ఎం.టి. రకమున సాధారణపు గేర్లును క్లచ్చియు నుండును; వానిని కదల్చుపని మాత్రము యంత్రము చేయును. క్లచ్చి యరిగి జారినచో దానిని మార్చిన చాలును.

టార్కు కన్వర్టరు రకమున ఇంజను బలము నూనె ద్వారా గేర్లకు చేరును. ఈ నూనె వాడుకలో ఖర్చగునది కాదు. మట్టము తగ్గినచో ఎచ్చటనో కారుచున్నదని యెరుగుడు. నల్లబడి మాడు వాసన వచ్చినచో లోపలి పలకలు కాలినవని శంకింపవలెను. పిమ్మట స్కానరుతో దోష సంకేతములను చదివింపుడు.

మా బండిలో ఇరుసు చెంత సీలు కారుచుండెను. దానిని మార్చి, బండి పుస్తకమున చెప్పిన నూనెనే పోయించితిమి, జారుట మానెను. పలకలు కాలినచో నిది చాలదు. అప్పుడు మరమ్మతు వ్యయమును బండి వెలతో పోల్చి నిర్ణయింపుడు. జారు బండిపై బరువు వేయకుడు.

పైరు వాడినంతనే పెరికివేయము గదా, వేరు చూతుము. ఋణపత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు ఇచ్చటను అట్లే చేయుడు.