8000 బైట్లు దాటితే జేఐటీ ముట్టుకోదు

ఆదోని యార్డు పత్తి ధరల మీద చేసే మినీ ప్రాజెక్టు సీనియర్ల నుంచి మాకొచ్చింది. డేటా లక్ష వరుసలు దాటితే నత్తనడకే. ర్యామ్ పెంచమన్నారు కొందరు (డబ్బులెవరిస్తారు?). సెలవులకి మద్దికెర వచ్చాక తీరిగ్గా వెతికితే దొరికింది: ఒకే ఒక్క మెథడ్, దాని నిండా స్విచ్ కేసులు.

జావా హాట్‌స్పాట్‌లో కోడ్ మొదట ఇంటర్‌ప్రెటర్ మీద నడుస్తుంది. ఎక్కువసార్లు నడిచే మెథడ్‌లని జేఐటీ మెషీన్ కోడ్‌గా మారుస్తుంది. కానీ బైట్‌కోడ్ 8000 బైట్లు దాటిన మెథడ్ జోలికి అసలు పోదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. అదే కదా బాధ!

కొలత లైన్లలో కాదు, కామెంట్లు లెక్కలోకి రావు. జావాప్‌ని ‘మైనస్ సీ’తో నడిపి చివరి ఇన్‌స్ట్రక్షన్ పక్కనున్న నంబర్ చూడండి, సైజు ఇంచుమించు అంతే. ప్రింట్‌కంపైలేషన్ ఫ్లాగ్ పెడితే కంపైలైన మెథడ్‌ల పేర్లొస్తాయి. మీది అందులో లేకపోతే డోంట్‌కంపైల్‌హ్యూజ్‌మెథడ్స్‌ని ఆఫ్ చేసి నడపండి. వేగం పెరిగితే కారణం తేలినట్టే. అలాగే వదిలేయొద్దు మాత్రం, అంత పెద్ద మెథడ్ కంపైల్ కావడానికి టైమూ మెమరీ బాగా తింటుంది.

విడగొట్టడమే మేలు. మరి కాల్ ఖర్చు పెరగదా అంటారా? 35 బైట్ల లోపువి మామూలుగా ఇన్‌లైన్ అయిపోతాయి, బాగా హాట్ అయితే 325 దాకా. ప్రింట్‌ఇన్‌లైనింగ్‌లో (దీనికి ముందు డయాగ్నస్టిక్ ఆప్షన్స్ అన్‌లాక్ చేయాలి) ‘హాట్ మెథడ్ టూ బిగ్’ అని కనిపిస్తే ఆ 325 దాటిందన్నమాట.

మేం రోజూ వచ్చే రకాలని లూప్‌లో ఉంచి, అరుదైనవాటిని వేరే మెథడ్‌లోకి తోశాం. ఇప్పుడు కంపైలైన జాబితాలో మా మెథడ్ పేరు కనిపిస్తోంది.