16 మెగాబైట్లు పెడితే 8 ఎందుకు కనిపించాయి?

పాత అమిగా 1200 కంప్యూటర్‌ను ఇప్పటికీ నడుపుకుంటున్న వాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో ఇదొకటి. యంత్రం అడుగున ఉన్న మూత తెరిచి, యాక్సిలరేటర్ కార్డులోని 8 మెగాబైట్ల మెమరీ మాడ్యూల్‌ను తీసి, దాని చోట 16 మెగాబైట్లది బిగిస్తారు. స్విచ్ వేస్తే యంత్రం మామూలుగానే మొదలవుతుంది. కానీ ‘అవైల్’ అనే ఆదేశం ఇచ్చి చూస్తే కార్డు మీద దాదాపు 8 మెగాబైట్లే ఉన్నట్టు చూపిస్తుంది. కాసేపటికి ఏదో ఒక ప్రోగ్రాము మధ్యలో యంత్రం బిగుసుకుపోతుంది. పాత మాడ్యూల్ తిరిగి పెడితే అంతా సవ్యమే. దాంతో కొత్తది పాడైపోయిందని తేల్చేసి పక్కన పడేస్తారు. నిజానికి ఆ మాడ్యూల్‌లో ఏ లోపమూ లేకపోవచ్చు.

కమోడోర్ సంస్థ 1992లో విడుదల చేసిన అమిగా 1200లో 14 మెగాహెర్ట్జ్ మోటరోలా ప్రాసెసర్, మదర్‌బోర్డు మీద 2 మెగాబైట్ల మెమరీ ఉండేవి. వేగం చాలని వాళ్లు యాక్సిలరేటర్ కార్డు కొనేవారు. దాని మీద 68030 వంటి మెరుగైన ప్రాసెసర్, అది మాత్రమే వాడుకునే మెమరీకి 72 పిన్నుల సాకెట్ ఉండేవి. ఆ సాకెట్‌లో పట్టే మాడ్యూల్‌ను సిమ్ అంటారు (ఫోన్‌లో వేసే సిమ్‌తో దీనికి సంబంధం లేదు). మన దేశంలో అమిగాలు అరుదు. కానీ 1990లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లలో 486 పీసీ విప్పి చూసిన వాళ్లకు ఈ 72 పిన్నుల మాడ్యూల్ పరిచయమే.

ఇక్కడ నష్టపోయేది మాడ్యూల్ ధర ఒక్కటే కాదు. డిస్కులోకి వెళ్లే ప్రతి ఫైలూ ముందు మెమరీలోంచే వెళ్తుంది. అక్కడ ఒక బిట్టు తారుమారైతే, ఆ తప్పు చప్పుడు లేకుండా డిస్కు మీద పడుతుంది. ముప్పై ఏళ్లుగా దాచుకున్న బొమ్మలు, పాటలు, ప్రోగ్రాములు ఒక్క సాయంత్రంలో చెడిపోవచ్చు. కాబట్టి పరీక్ష మొదలుపెట్టే ముందు హార్డ్ డిస్కు కేబుల్ తీసేసి, యంత్రాన్ని ఫ్లాపీతో నడపడం క్షేమం.

తర్వాత సులువైన అనుమానాలను తీర్చుకోవాలి. మాడ్యూల్ అంచున కొన్నిటికి బంగారు పూత, కొన్నిటికి తగరపు పూత ఉంటుంది. సాకెట్‌లో ఒక లోహం, మాడ్యూల్ మీద మరొకటి ఉన్నప్పుడు, వేడికి వ్యాకోచించి చల్లబడినప్పుడు సంకోచించి, అవి ఒకదాని మీద ఒకటి సన్నగా రాపిడి పడతాయి. ఊడిన తగరం బంగారం మీదికి చేరి ఆక్సైడ్ పొరగా మారుతుంది. కరెంటుకు అది అడ్డు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అంచులు తుడిచి, రెండు మూడుసార్లు తీసి పెడితే సరిపోయిన సందర్భాలు కొల్లలు. అలాగే కార్డు మీద మెమరీ సైజును జంపర్లతో చెప్పాల్సిన రకమైతే, ఆ జంపర్లు పాత మాడ్యూల్‌కు తగ్గట్టే ఉండిపోయాయేమో చూడాలి. స్విచ్ వేయగానే తెర పచ్చగా మారితే మాత్రం అనుమానించాల్సింది ముందుగా మదర్‌బోర్డు మీది 2 మెగాబైట్లను. అమిగా పచ్చ తెరతో చెప్పేది ఆ మెమరీ గురించే.

వేగం సంగతీ చూడాలి. చిప్ సంఖ్య చివర 6 లేదా 60 అని ఉంటే అది 60 నానోసెకన్ల రకం, 7 లేదా 70 ఉంటే 70 నానోసెకన్లది. ప్రాసెసర్ 50 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే ఒక్కో గడియారపు టిక్కు 20 నానోసెకన్లే. 60 రకం కోసం అమర్చిన కార్డులో 70ది పెడితే, చల్లగా ఉన్నప్పుడు నెట్టుకొచ్చి, వేడెక్కాక తప్పటడుగు వేయవచ్చు. అయితే వేగం చాలకపోతే తప్పులు అక్కడొకటి ఇక్కడొకటి వస్తాయి. కచ్చితంగా సగం మెమరీ మాయం కాదు.

ఆ ‘కచ్చితంగా సగం’ అన్నదే అసలు ఆధారం. దాన్ని అర్థం చేసుకోవడానికి మెమరీ చిప్ తన అడ్రస్‌ను ఎలా అందుకుంటుందో తెలియాలి.

ఈ రకం మెమరీలో ఒక్కో బిట్టూ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో చార్జి రూపంలో ఉంటుంది. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు 1966లో ఈ ఆలోచన తట్టింది, 1968లో పేటెంట్ దక్కింది. చిప్ సామర్థ్యం పెరిగేకొద్దీ అడ్రస్ పంపే తీగలూ పెరగాలి. 4096 బిట్ల చిప్‌కు 12 అడ్రస్ తీగలు కావాలి. పోటీదారుల చిప్‌లకు 22 కాళ్లు ఉంటే, 1973లో మోస్టెక్ సంస్థ 16 కాళ్లతోనే పని జరిపించింది. చేసిందల్లా అడ్రస్‌ను రెండు వాయిదాల్లో, ఆరేసి బిట్లుగా, అవే ఆరు తీగల మీద పంపడం. మొదటి వాయిదా అడ్డు వరసను చెబుతుంది, రెండోది నిలువు వరసను. ఆ పొదుపు అందరికీ నచ్చి, పరిశ్రమంతా అదే దారి పట్టింది.

16 మెగాబైట్ల మాడ్యూల్‌లో 32 బిట్ల గళ్లు 41,94,304 ఉంటాయి. అంటే 22 బిట్ల అడ్రస్. దీన్ని 11, 11గా పంచవచ్చు. 12, 10గా కూడా పంచవచ్చు. చిప్ తయారీదారులు రెండు రకాలూ చేశారు. రెండో రకంలో ఒకసారికి మేల్కొలిపే అడ్డు వరస పొట్టిది కాబట్టి కరెంటు తక్కువ లాగుతుంది. అందుకే అదీ మార్కెట్‌లో నిలిచింది.

దీన్ని ఒక కాలనీగా ఊహించుకుంటే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి కాలనీలో 2048 వీధులు, వీధికి 2048 ఇళ్లు. రెండో దానిలో 4096 వీధులు, వీధికి 1024 ఇళ్లు. మొత్తం ఇళ్లు సమానమే. పోస్ట్‌మ్యాన్‌కు మొదటి కాలనీ మాత్రమే తెలుసు, అతను వచ్చింది రెండో కాలనీకి. 2048 దాటిన వీధుల్లోకి అతను అడుగే పెట్టడు. 1500వ నంబరు ఇంటికి ఉత్తరం ఉంటే, ఆ వీధిలో అంత నంబరు లేదు. చిప్ పై బిట్టును వదిలేస్తుంది కాబట్టి అది 1024 తగ్గి 476వ ఇంట్లో పడుతుంది. అక్కడ అంతకుముందు వేసిన ఉత్తరం చెరిగిపోతుంది. అందుబాటులో ఉండేది సగం కాలనీయే. 11 అడ్రస్ తీగలే ఉన్న కార్డుకు 12, 10 రకం మాడ్యూల్ దొరికితే జరిగేది ఇదే. తన మెమరీని తానే కొలుచుకునే కార్డు 8 మెగాబైట్లే ఉన్నాయని చెప్పడం అబద్ధం కాదు. దానికి అందినంత మేర అది నిజమే.

మరి ఆ 8 మెగాబైట్లయినా నిలకడగా ఎందుకు పనిచేయవు? పన్నెండో తీగ కార్డులో ఎక్కడికీ కలిసి లేకపోతే, చిప్‌లోని ఆ కాలు గాలిలో వేలాడుతున్నట్టే. దాని మీది ఓల్టేజీ 0 అని గానీ 1 అని గానీ స్థిరంగా ఉండదు. పక్క తీగల్లోని సంకేతాలకు, వేడికి, తేమకు కూడా అటూ ఇటూ ఊగుతుంది. రాసేటప్పుడు ఒక వీధి, చదివేటప్పుడు మరో వీధి. యంత్రం కాసేపు నడిచి ఆగిపోవడానికి ఇది చాలు.

దీన్ని పట్టుకోవడానికి సాధారణ పరీక్షలు చాలవు. ఒక సంఖ్య రాసి వెంటనే చదివితే, అక్కడ మెమరీయే లేకపోయినా సరైన జవాబు రావచ్చు. తీగల మీద మిగిలిన చార్జే తిరిగి చదివినట్టవుతుంది. 68030లో 256 బైట్ల డేటా కాష్ కూడా ఉంది కాబట్టి జవాబు అందులోంచే వచ్చే వీలూ ఉంది. మెమరీ అంతా సున్నాలు నింపి చూసినా లాభం లేదు, ఒకే నంబరున్న ఇళ్లన్నిటిలోనూ సున్నాయే కనిపిస్తుంది. మంచి పరీక్ష వేరు. కాష్ ఆపేసి, ప్రతి గడిలో దాని అడ్రస్‌నే రాయాలి. చివరిదాకా రాశాక మొదటి నుంచి చదవాలి. పరీక్షించే ప్రోగ్రాము మదర్‌బోర్డు మీది మెమరీలోనే ఉండాలి, లేకపోతే అది తన కాళ్ల కిందనే తవ్వుకున్నట్టు. చదివిన అడ్రస్‌కూ అసలు అడ్రస్‌కూ తేడా ఎప్పుడూ ఒకే సంఖ్యగా వస్తే లోపం అడ్రస్ తీగల్లో. ఏదో ఒక బిట్టు మాత్రమే ప్రతిసారీ తప్పితే చిప్పో, కాంటాక్టో. పొంతన లేని తప్పులైతే వేగం, విద్యుత్ సరఫరా, లేదా పైన చెప్పిన వేలాడే కాలు.

సగం మెమరీ కనిపించడానికి మరో కారణమూ ఉంది. 8, 32 మెగాబైట్ల మాడ్యూళ్లు సాధారణంగా రెండు బ్యాంకులుగా ఉంటాయి. రెండో బ్యాంకును ఎంచుకునే తీగ కార్డులో లేకపోతే అదీ సగమే చూపిస్తుంది. 16 మెగాబైట్లది మామూలుగా ఒకే బ్యాంకు కాబట్టి ఇక్కడ ఆ అనుమానం బలహీనం.

చివరికి జవాబు భూతద్దంతో చిప్ మీద చదవగలిగేదే. హిటాచీ చిప్ సంఖ్యలో 5117400 అని ఉంటే 11, 11 రకం. 5116400 అని ఉంటే 12, 10 రకం. తేడా ఒక్క అంకె. మరికొందరు తయారీదారుల సంఖ్యలు వేరుగా ఉంటాయి, వాటి డేటాషీట్‌లో ‘2కె రిఫ్రెష్’ అంటే మొదటిది, ‘4కె రిఫ్రెష్’ అంటే రెండోది.

కొత్త మాడ్యూల్ మీద 5116400 కనిపిస్తే దాన్ని పారేయనక్కర్లేదు. 12 తీగలున్న యంత్రంలో అది పూర్తిగా 16 మెగాబైట్లూ ఇస్తుంది. అమిగాకు 11, 11 రకం తెచ్చి, అడ్రస్ పరీక్షను ఒక రాత్రంతా నడిపి, తెల్లారేసరికి ఒక్క తప్పూ లేకపోతే అప్పుడు హార్డ్ డిస్కు కేబుల్ తిరిగి తగిలించవచ్చు.